డబ్బాలో కలిసిన పుట్టిళ్లు

పోయినవారం మనం అత్తగారిని విత్తన కేంద్రం మెట్ల మీద వదిలేసి ఎవరి దారిన వాళ్లం వెళ్లిపోయాం. వారమంతా ఆవిడ అక్కడే నిలబడి ఉన్నారనుకునేరు! అలా నిలబడే ఘటం కాదది. "ఎవరు కావాలండీ?" అని వాచ్‌మన్ అడిగితే, "నాకెవరూ అక్కర్లేదు, మీకే నేను కావాలి" అని చెప్పి, మోసుకొచ్చిన బుట్ట అతని చేతిలోనే పెట్టి తను ముందు నడిచారు. అతను వెనక నడిచాడు. ఎందుకు నడిచావయ్యా అంటే అతను కూడా చెప్పలేడు. వీధిలో ఆవిడకు మేజిస్ట్రేటు అన్న పేరు ఊరికే రాలేదు.

మధ్యలో వచ్చి చేరినవాళ్ల కోసం సంగతి క్లుప్తంగా చెబుతాను. మేజిస్ట్రేటు గారి పెరట్లో ఎర్రంచు అనే లెట్యూస్ ఉంది. పచ్చటి ఆకు, చుట్టూ సన్నగా ఎర్రటి అంచు. ఆ ఇంట్లో నాలుగు తరాలుగా ఏడాదికేడాది విత్తనం కట్టుకుని పెంచుతున్నారు. చిన్నకోడలు పనిచేసేది విత్తన కేంద్రంలో. వందల రకాల లెట్యూస్ విత్తనాలను చలిగదిలో దాచడం, ఏది దేనికి చుట్టమో జన్యువులు చూసి తేల్చడం ఆమె పని. ఆఫీసులో డాక్టరమ్మ అంటారు. ఆ మాట విని వీధిలో ఒకరిద్దరు జ్వరానికి మందడగడానికి వచ్చి, ఆకుల డాక్టరని తెలిసి చిన్నబోయి వెళ్లారు. ఆమె ఎప్పుడో అత్తగారి విత్తనం సంచి ఒకటి చలిగదిలో చేర్చింది. ఇప్పుడు చల్లబరిచే యంత్రం ముసలిదై సగం గది మూసేస్తున్నారు. ఒకే రకం రెండు సంచుల్లో ఉంటే ఒకటి తీసేయమని డైరెక్టరు గారి ఆజ్ఞ. ఎర్రంచుని పరీక్షిస్తే సంతలో దొరికే మామూలు రకానికి నకలు అని తేలింది. నకలు! ఆ మాట అత్తగారి చెవిన పడింది. ఇంట్లో డబ్బా విత్తనం మొన్నటి వానలకు తడిసి బూజు పట్టిపోయింది. చలిగదిలో సంచి కూడా పోతే ఎర్రంచుకి ఈ లోకంలో మిగిలేది పెరట్లో ఒక్క మడి. ఆ మడిలో మొక్కల్నే వేళ్లకు తడిగుడ్డ చుట్టి బుట్టకెత్తుకుని వచ్చారు ఆవిడ.

ఇక అత్తగారికీ డైరెక్టరుకీ తెలియని సంగతి ఒకటుంది. చిన్నకోడలు కిందటివారం ఆ మడిలో ప్రతి మొక్కకూ ఒక నంబరు చీటీ కట్టి, గోరంత ఆకు తుంచి మళ్లీ పరీక్షకు పెట్టింది. "ఆసుపత్రిలో పుట్టిన పిల్లల్లా ఈ చీటీలేమిటి?" అని అత్తగారు అప్పుడే విసుక్కున్నారు. ఆ ఫలితం ఈ ఉదయమే వచ్చింది. చూసినప్పటినుంచీ డాక్టరమ్మకు గుక్కెడు టీ కూడా సహించలేదు. దాన్ని బయటపెడితే ఆకు బతుకుతుంది, అత్తగారి పరువు పోతుంది. పెట్టకపోతే పరువు నిలుస్తుంది, ఆకు పోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

డైరెక్టరు గారి గది రెండో అంతస్తులో చివరిది. రెండు ఇనుప బీరువాలు, గీత గీసినట్టు సర్దిన బల్ల, ఎండ పడకుండా దించిన కిటికీ తెర. బల్ల మీద పెన్నులన్నీ ఒకే వైపు తల పెట్టి పడుకున్నాయి. మనిషి కూడా ఆ గదిలాంటివారే. నలభై దాటిన ఆయన గొంతు పెంచి మాట్లాడగా ఆ భవనంలో ఎవరూ వినలేదు. అత్తగారు లోపలికి రాగానే లేచి నిలబడి కుర్చీ చూపించారు.

"రండమ్మా, కూర్చోండి."

"మా ఇంట్లో కుర్చీల్లేక రాలేదు బాబూ. నిలబడే మాట్లాడతాను. ఇంకో మాట. నన్ను అమ్మా అని పిలవకు. అమ్మా అమ్మా అంటూనే గొంతు కోసేవాళ్లను చాలామందిని చూశాను."

"మరేమని పిలవమంటారు?"

"ముందు నా పని కానీ. అయ్యాక చెబుతాను."

చిన్నకోడలు ల్యాప్‌టాప్ గుండెలకు హత్తుకుని తలుపు పక్కన నిలబడింది. ఇంట్లో అత్తగారి మాట, ఆఫీసులో డైరెక్టరు గారి మాట వినడం ఆమెకు అలవాటు. ఇద్దరూ ఒకే గదిలో చేరితే ఎవరి మాట వినాలో తేల్చుకునే అవసరం ఇంతవరకూ రాలేదు.

"మా ఆకుని నకలు అన్నది ఎవరు?" అన్నారు అత్తగారు.

"ఎవరూ అనలేదండీ. పరీక్షలో తేలింది."

"పరీక్ష ఎవరిది?"

"మాదే."

"అయితే నువ్వే అన్నావు."

డైరెక్టరు గారికి నవ్వు వచ్చింది, ఆపుకున్నారు. "చూడండీ, లెట్యూస్ సంగతి మీకు తెలియందేమీ కాదు. దాని పువ్వు విచ్చుకునేలోపే తన పుప్పొడి తానే అందుకుంటుంది. బయట సంబంధాలు వెతుక్కోదు. అందుకని తల్లి ఎలా ఉంటే పిల్లా అలాగే, దాని పిల్లా అలాగే. ఒక రకంలో వెయ్యి మొక్కలున్నా జన్యువులు దాదాపు ఒకటే. తేడాలన్నీ రకానికీ రకానికీ మధ్యనే. కాబట్టి సంచిలోంచి ఒక గింజ మొలిపించి పరీక్షిస్తే సంచి అంతా చూసినట్టే. ఒక సంచి, ఒక మొక్క. ఇక్కడ రూలు అదీ. మీ సంచిలోంచి తీసిన మొక్క సంత రకంతో పొల్లుపోకుండా కలిసింది."

"మీ పరీక్షే తప్పు కావచ్చుగా?"

"దానికీ ఒక ఏర్పాటుంది. ప్రతి పరీక్షలోనూ మాకు బాగా తెలిసిన ఆకు ఒకటి పక్కన పెడతాం. దాని ఫలితం ఎప్పట్లాగే వస్తే పరీక్ష సరిగ్గా జరిగినట్టు. ఆ తెర వెనక నా కుండీ ఉంది, అందులో ఆకే అది. ఎంత తుంచినా మళ్లీ వేస్తుంది, ఎప్పుడూ చేతికందుతుందని ఏళ్ల తరబడి దాన్నే వాడుతున్నాం."

ఆ కుండీ మీద కింద ల్యాబ్‌లో ఒక వేళాకోళం ఉంది. చలిగదిలో ఉన్న ఇన్ని వందల సంచుల్లో ఒక్కదానితోనూ ఆ ఆకు కలవలేదు. డైరెక్టరు గారి ఆకు కూడా డైరెక్టరు గారిలాగే, ఎవరితోనూ కలవదు అని నవ్వుకునేవాళ్లు. ఆయన చెవిన పడకుండానే అనుకోండి.

"నీ కుండీ గొడవ నాకెందుకు? నా బుట్ట చూడు," అన్నారు అత్తగారు. అని ఊరుకోలేదు. ఆ గీత గీసినట్టున్న బల్ల మీద మొక్కలు ఒక్కొక్కటీ బయటికి తీసి పరిచారు. మట్టి రాలింది. పెన్నులు దొర్లాయి. డైరెక్టరు గారు గబగబా కాగితాలు తీసి బీరువా మీద పెట్టుకున్నారు.

"ఇది మా ఇంటి ఆకు. నాకు మా అత్తగారు చేతిలో పెట్టింది. ఆవిడకు వాళ్ల అత్తగారు పెట్టింది. ఒకే విత్తనం, ఒకే రక్తం. ఆవగింజంత కల్తీ లేదు. అంచు ఎర్రగా లేని మొక్క మొలిచిందంటే పీకి అవతల పారేస్తాను. ఈ ఏడు బూజు తెగులొచ్చి మా వీధిలో అందరి మళ్లూ పోయాయి. మాది పోయిందా? ముందేడు ఎండలకు అందరి ఆకూ వాడిపోయింది. మాది వాడిందా? అంతకుముందు పేను పట్టింది. మా మడి ఖాళీ అయిందా? సంతలో ఆకు ఇలా నిలబడుతుందేమో చెప్పు!"

ఆ గొంతులో గర్వం చూస్తే చిన్నకోడలికి ముచ్చటేసింది, భయమూ వేసింది. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని లోకమంతా అంటుంది. ఈవిడ మాత్రం పెరట్లో ఆకుని పట్టుకుని పెద్ద కేంద్రం మీదికే యుద్ధానికి వచ్చింది.

డైరెక్టరు గారు కళ్లజోడు పెట్టుకుని మొక్కల మీదికి వంగారు. ఒక్కొక్క ఆకు తిప్పి అడుగున చూశారు. ఆయన తేలిక మనిషి కాదు. చూస్తున్నకొద్దీ కనుబొమలు దగ్గరపడ్డాయి.

"మీరు ఒకే రక్తం అంటున్నారు. మరి వీటిలో కొన్నిటికి ఆకు అడుగున తెల్లటి బూజుంది. కొన్నిటికి చుక్క కూడా లేదు. ఒకే మడిలో పక్కపక్కన పెరిగినవి. ఎందుకలా?"

అత్తగారు జవాబు తడుముకోవడం చిన్నకోడలు కాపురానికొచ్చాక చూడలేదు. ఇప్పుడు చూసింది.

"ఒక తల్లి పిల్లలందరూ ఒకేలా ఉంటారా?" అన్నారు చివరికి.

"లెట్యూస్ పిల్లలు ఉంటారండీ." ఆయన నిట్టూర్చి గడియారం చూశారు. "మా అమ్మ భోజనం తెచ్చే వేళవుతోంది. డాక్టరు గారూ, ఈ సంచి సంగతి ఈలోపు ముగిద్దామా?"

ఇంటిగుట్టు లంకకు చేటు అంటారు. అలాగని గుట్టుగా ఉంచితే ఆకే పోయేలా ఉంది. చిన్నకోడలు ఒక్కసారి అత్తగారి చేతులు చూసింది. గోళ్ల సందున మట్టి, లెట్యూస్ కాడలు తెగినప్పుడు కారే పాలకు వేళ్ల చివర పడ్డ గోధుమరంగు మరకలు. ఆ మరకలు వదలవు. ఆ చేతులకు అబద్ధం చెప్పడం ఆమె వల్ల కాలేదు.

"ముగించడానికి వీల్లేదు సార్," అంది. "ఒక సంచి, ఒక మొక్క అన్న రూలు ఇక్కడ పనిచెయ్యలేదు. నేను ఈ మడిలో మొక్కలన్నిటినీ విడివిడిగా పరీక్షించాను."

ల్యాప్‌టాప్ మట్టిలోనే పెట్టి తెరిచింది. ఒక్కో మొక్కకు ఒక్కో గీత, దాని మీద జన్యువుల తేడాలు చూపే మచ్చలు. గీతలన్నీ ఒకే రంగులో లేవు. పసుపు కొన్ని, నీలం కొన్ని, ఊదా, ఆకుపచ్చ, ఎరుపు. రంగు ఒకటైతే రకం ఒకటి. మొత్తం ఐదు రంగులు.

డైరెక్టరు గారు కళ్లజోడు సర్దుకుని ముందుకు వంగారు. అత్తగారు ల్యాప్‌టాప్ తెర మీది రంగులు వేలితో లెక్కపెట్టారు.

"అంటే? మా ఆకు కల్తీదంటావా?"

"అత్తయ్యా..."

"ఉన్నమాట చెప్పు. నీళ్లు నమలకు."

"ఐదు రకాలు కలిసి ఉన్నాయి అత్తయ్యా. అంచు ఎర్రగా లేనివన్నీ మీరు పీకేశారు కాబట్టి పైకి అన్నీ ఒక్కలాగే ఉన్నాయి. లోపల ఐదూ వేరే. డబ్బాలో గింజలు కొన్ని నల్లగా, కొన్ని తెల్లగా ఉండేవి గుర్తుందా? ముదిరినవి నల్లవి, లేతవి తెల్లవి అనేవారు మీరు. అది ముదరడంలో తేడా కాదు. నల్లగింజ రకాలు వేరు, తెల్లగింజ రకాలు వేరు."

చిన్నకోడలికి కళ్లు చెమ్మగిల్లాయి. పది మందిలో ఇల్లాలిని పట్టుకుని నీ ఇల్లు నీది కాదు అన్నట్టయింది. కానీ మేజిస్ట్రేటు గారు కళ్లొత్తుకునే రకమా? విచారణ మొదలుపెట్టారు.

"ఆ పసుపు ఎవరిది?"

"సంత రకం. ఇంతకుముందు పరీక్షకు దొరికిన మొక్క ఈ రకందే. అందుకే నకలని తేలింది."

"పెద్దది!" అత్తగారు బల్ల చరిచారు. పెద్దది అంటే పెద్దకోడలు. "కాపురానికొచ్చిన కొత్తలో కొట్టు నుంచి పొట్లం తెచ్చుకుంది. మా ఆకులో కలపడానికి వీల్లేదన్నాను. సరేనత్తయ్యా అని గంగిరెద్దులా తలూపింది. ఊపుతూనే డబ్బాలో పోసిందన్నమాట! ఇంటికెళ్లి దాని సంగతి చూస్తాను. ఆ ఊదా ఎక్కడిది?"

"నదికి అవతలి పల్లెల్లో సేకరించిన సంచితో కలుస్తోంది."

"మా అత్తగారి పుట్టిల్లు నదికవతలే. నాకు అన్ని నీతులు చెప్పిన మనిషి! మరి ఆకుపచ్చ?"

"సముద్రం ఒడ్డు ఊళ్ల నుంచి వచ్చిన సంచి ఒకటుంది. దానికి సొంత అక్కచెల్లెలిలా ఉంది."

అత్తగారు ముఖం పక్కకు తిప్పుకున్నారు. చెంపలు ఎర్రబడ్డాయి. డైరెక్టరు గారు మెల్లగా, "మీది ఏ ఊరు? అంటే పుట్టిల్లు..." అన్నారు.

అంతే. అత్తగారు ఫక్కున నవ్వేశారు. ఆ నవ్వుకి తలుపు దగ్గర వాచ్‌మన్ ఉలిక్కిపడ్డాడు.

"సముద్రం ఒడ్డే! అది పోసింది నేనే. పెళ్లయి వచ్చేటప్పుడు మా అమ్మ పెరట్లో విత్తనం చేతిరుమాలు కొసన ముడేసుకుని వచ్చాను. మా అత్తగారు వాసన చూసి, 'మీ ఇంటి ఆకు చేదు, మా డబ్బాలో పడకూడదు' అంది. ఆవిడ నిద్రపోతుంటే మధ్యాహ్నం వేళ అంతా డబ్బాలో కుమ్మరించి చేత్తో కలిపేశాను. మరుసటేడు ఆ ఆకు తిని, 'చూశావా, మా ఇంటి ఆకు ఎంత కమ్మగా ఉందో' అని నాకే చెప్పింది! నేను కూడా అవునత్తయ్యా అన్నాను. నేనొక్కదాన్నే గడుసుదాన్ననుకున్నాను ఇన్నాళ్లూ. నాకు ముందూ వెనకా కూడా అదే పని!"

నవ్వుతోనే ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ ఇంట్లో ప్రతి కోడలూ అత్తకు తెలియకుండా పుట్టింటి ఆకు కలిపింది. ప్రతి అత్తా ఆవగింజంత కల్తీ లేదని వీధంతా చాటింది. ఆ నీలం రంగు మాత్రం ఇంటిది. మిగిలినవాళ్లందర్నీ లోపలికి రానిచ్చి నోరు మెదపకుండా కూర్చుంది.

"నువ్వేం కలిపావు?" అని హఠాత్తుగా కోడలి మీదికి తిరిగారు.

"నేనేం కలపలేదు అత్తయ్యా. రూలు తెలిసినదాన్ని."

"అదే నీలో లోపం."

డైరెక్టరు గారు ఈసారి నవ్వు ఆపుకోలేదు. చిన్నకోడలూ నవ్వింది. ఉదయం నుంచి గుండె మీదున్న బండ దిగిపోయింది. ఇక ఆమె గొంతు ఎక్కడా తడబడలేదు.

"సార్, బూజు పట్టినవి ఏవో చూడండి. చీటీల నంబర్లు బట్టి చూస్తే, పసుపు గీత వచ్చినవాటన్నిటికీ పట్టింది. నీలానికి పట్టింది. ఆకుపచ్చకు కొద్దిగా తగిలింది. ఊదాకు బాగా తక్కువ. ఎరుపుకి చుక్క లేదు. తెగులు ఏటేటా ఒక్కలా రాదు. ఒక ఏడు వచ్చింది ఒక రకాన్ని కొడుతుంది, ఇంకో ఏడు ఇంకోదాన్ని. అందుకే ఏది వచ్చినా మా అత్తయ్య మడిలో ఏదో ఒకటి నిలబడింది. నిలబడింది విత్తనం కట్టింది. వీధిలో మిగతావాళ్లందరిదీ కొట్లో కొన్న ఒకే రకం, ఒకే దెబ్బకు పోయింది. మనం చలిగదిలో వేర్వేరు సంచుల్లో, అంత పెద్ద యంత్రం పెట్టి కాపాడుతున్నది ఇదే కదా! మా ఇంట్లో ఆడవాళ్లు దాన్ని ఒక బిస్కెట్ల డబ్బాలో కాపాడారు. కల్తీ కాదు సార్ ఇది. మా ఇంటి ఆస్తి."

'మా ఇంటి' అన్న మాట దగ్గర అత్తగారు తల తిప్పి కోడల్ని చూశారు. శాలువా సర్దుకుని ఇంకాస్త నిటారుగా నిలబడ్డారు.

డైరెక్టరు గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "ఆ రూలు నేనే పెట్టాను," అన్నారు. "కంపెనీ విత్తనానికి అది సరిపోతుంది. ఇళ్లలో కట్టిన విత్తనానికి చాలదు. తీసెయ్యమన్న సంచుల్లో ఇళ్ల నుంచి వచ్చినవి ఇంకా ఉన్నాయా?"

"చాలా ఉన్నాయి సార్."

"ఒక్కటి కూడా కదలకూడదు. అన్నీ మళ్లీ చూద్దాం. గది చాలకపోతే నా గదిలో బీరువాలు రెండు ఖాళీ చేయిస్తాను. ఎర్రంచుని ఐదు సంచులుగా విడదీసి..."

"విడదీస్తే ఊరుకోను," అన్నారు అత్తగారు. "ఇన్నేళ్లు కలిసి బతికినవాళ్లను ఇప్పుడు వేరు కాపురం పెట్టిస్తావా?"

"ఐదు సంచులు పరిశోధనకండీ. ఆరోది మీ డబ్బాలాగే, అన్నీ కలిపి."

అత్తగారు ఆలోచించారు. మేజిస్ట్రేటు తీర్పు చెప్పే ముందు ఆలోచించాలి కదా. "సరే," అన్నారు. "ఆ ఆరోదాని మీద నా పేరు పెద్ద అక్షరాలతో రాయి."

ఇంతటితో కథ సుఖాంతమే. కానీ చిన్నకోడలికి ఒక రంగు మిగిలిపోయింది.

"ఎరుపు ఒక్కటే తెలియలేదు అత్తయ్యా. చలిగదిలో ఏ సంచితోనూ కలవడం లేదు. దీనిలో అడవి లెట్యూస్ పోలికలున్నాయి. గోడల పక్కన ముళ్లతో మొలుస్తుందే, ఆ కలుపు మొక్క. ఎప్పుడో ఒక తేనెటీగ దాని పుప్పొడి తెచ్చి మీ ఆకు మీద వాలి ఉంటుంది. వెయ్యింటికి ఒకసారి జరుగుతుంది. బూజుకి లొంగని బలం అక్కడిదే."

అత్తగారు కోడలు చూపించిన ఎరుపు గీత మొక్క ఒకటి చేతిలోకి తీసుకున్నారు. ఆకు తిప్పి నడిమి ఈనె మీద బొటనవేలు రాశారు. ఈనె పొడుగునా మెత్తటి చిన్న ముళ్లు. ఆవిడ ముఖంలో నవ్వు ఆరిపోయింది.

"మా ఆడపడుచు," అన్నారు. "నేను కాపురానికొచ్చేసరికి పదిహేనేళ్ల పిల్ల. వెనక గోడవారన మడి దానిది. ఆ ముళ్లమొక్క అక్కడే మొలిచేది. పీకెయ్యవే అంటే పీకదు. 'పాపం, దానికీ పువ్వులున్నాయి వదినా' అనేది. కొన్నాళ్లకు దాని మడిలో ఆకుకి ఈ ముళ్లు వచ్చాయి. నాకు ఒళ్లు మండింది. ఇంటి ఆకుని కల్తీ చేసిన చేతులు ఈ ఇంట్లో కంచం ముట్టకూడదు అన్నాను. ఎవరు? నేను! రుమాలు ముడి డబ్బాలో కుమ్మరించిన నేను! ఆ పిల్లకి అభిమానం ఎక్కువ. గుప్పెడు విత్తనం మూటగట్టుకుని వెళ్లిపోయింది. వాళ్లన్నయ్య పోయేదాకా వెతుకుతూనే ఉన్నాడు. దొరకలేదు. దాని మడిలో మొక్కలన్నీ పీకేశాననుకున్నాను. డబ్బాలో ఉండిపోయిందన్నమాట. ఈ ఏడు నా పరువు నిలబెట్టింది అదన్నమాట."

చిన్నకోడలు మళ్లీ ల్యాప్‌టాప్ తెర వైపు చూసింది. గీతలన్నిటి కింద, ఎప్పుడూ ఎవరూ చూడని చోట, పరీక్ష సరిగ్గా జరిగిందో లేదో చెప్పే గీత ఒకటుంటుంది. డైరెక్టరు గారి కుండీ ఆకు. అది సంచి కాదు. అందుకని కొత్త మొక్కల ఫలితాలతో కంప్యూటరు దాన్ని పోల్చదు. ల్యాబ్‌లో ఎప్పుడో ఒకసారి సంచులతో పోల్చి ఊరుకున్నారు. ఇప్పుడు ఆమె కళ్లు పోల్చాయి. పైన ఎరుపు గీతలో ఎక్కడెక్కడ మచ్చలున్నాయో కిందిదానిలోనూ అక్కడక్కడే ఉన్నాయి.

తలెత్తేసరికి డైరెక్టరు గారు అప్పటికే కిటికీ తెర పైకి లాగుతున్నారు. ఎండలో కుండీ. పచ్చటి ఆకు, చుట్టూ సన్నగా ఎర్రటి అంచు. ఆయన ఒక ఆకు తిప్పి ఈనె మీద వేలు రాశారు. ఆ వేలు అక్కడే ఆగిపోయింది.

"ఇది మా అమ్మ పెట్టిన మొక్క," అన్నారు. ఎప్పుడూ మెత్తగా ఉండే గొంతు ఇంకా మెత్తబడింది.

అత్తగారు బల్ల చుట్టూ నడిచి కిటికీ దగ్గరికి వెళ్లారు. ఒక చేతిలో తన పెరటి ఆకు, రెండో చెయ్యి కుండీలో ఆకు మీద.

"మీ అమ్మకు పుట్టిల్లెక్కడ?"

"ఎప్పుడడిగినా 'ఉండేది' అంటుందండీ. అంతకుమించి చెప్పదు."

ఆవిడ చేతిలో ఆకుని కుండీ పక్కనే పెట్టారు. తర్వాత ఆయన వైపు తిరిగారు.

"నన్నేమని పిలవాలో పని అయ్యాక చెబుతానన్నాను కదా బాబూ. అత్తయ్యా అను."

ఆయన ఆవిడ ముఖాన్నీ కుండీనీ మార్చి మార్చి చూశారు. ఈలోగా వసారాలో చెప్పుల చప్పుడు, గిన్నెల డబ్బా గలగల. తలుపు అవతల నుంచి గొంతు ముందు వచ్చింది.

"ఏరా, కుండీకి నీళ్లు పోశావా, ఇవాళ కూడా మర్చిపోయావా?"

కూర్చోడానికి రాలేదన్న మేజిస్ట్రేటు గారు చెయ్యి వెనక్కి చాపి కుర్చీ కోసం తడుముకున్నారు. చిన్నకోడలు జరిపితే కూలబడ్డారు. తలుపు పిడి తిరిగింది. ఆవిడ బల్ల అంచు పట్టుకుని మళ్లీ లేచి నిలబడ్డారు. ఆడపడుచు గడప దాటి వస్తుంటే కూర్చుని ఉండే వదిన కాదావిడ.

వచ్చినావిడ చూపు మొదట బల్ల మీది మట్టి మీద పడింది. తర్వాత మొక్కల మీద, వాటి ఎర్రటి అంచుల మీద. ఇంకా మనిషి మీద పడలేదు.